వాగునకు దారి విడిచిన పట్టణము

క్రొత్తగా ఒక కాలనీ వేయదలచినవారు మొట్టమొదట చేయు పని కాగితము మీద గీతలు గీయుట. ఇన్ని అడుగుల వీథులు, ఇన్ని గజముల స్థలములు, నడుమ ఒక పార్కు అని లెక్క వేసి నేలను చతురస్రములుగా విభజింతురు. కాని ఆ నేల మీద అంతకుముందే వాన నీరు వేల సంవత్సరములుగా తీర్చుకొనిన దారులు ఉండును. వాగులు, వంకలు, కుంటలు, చిత్తడి నేలలు అట్లు ఏర్పడినవే. మనుష్యుడు గీసిన పటము, నీరు తీర్చిన దారి ఒకదానితో ఒకటి పొసగనిచో ఏమగునో పెద్దవాన కురిసిన రాత్రి తెలియును. ఈ రెండింటిని పొసగించి పట్టణమును కట్టుట సాధ్యమేనా? సాధ్యమే అని 1970 తరువాత అమెరికాలోని టెక్సస్ రాష్ట్రమున ఒక పట్టణము చూపెను. దాని పేరు ఉడ్‌లాండ్స్. ఆ పట్టణ చరిత్రలో ఒక శాస్త్రీయ విజయము కలదు. ఆ విజయమునకు కారణమైన సూత్రమును క్రమముగా విడిచిన కథయు కలదు. రెండును తెలిసికొనదగినవే.

చిత్తడి నేల విలువ

ఏడాదిలో కొంతకాలమైనను నీటితో నానియుండి, తేమకు అలవాటుపడిన తుంగ, జమ్ము, రెల్లు వంటి మొక్కలు పెరుగుచుండు నేలను చిత్తడి నేల అందురు. పైపైన చూచువారికి అది దున్నుటకు గాని, ఇల్లు కట్టుటకు గాని పనికిరాని బురద. కాని అది చేయు పనులు అనేకములు. వాన కురిసినపుడు నీటిని పట్టియుంచి, వాన వెలసిన తరువాత మెల్లమెల్లగా వాగులోనికి విడుచును. నీటితో కొట్టుకొని వచ్చిన ఒండ్రును ఆపును. అచ్చటి సూక్ష్మజీవులు నీటిలోని నైట్రేటులను నత్రజని వాయువుగా మార్చి గాలిలోనికి పంపును. కప్పలకు, చేపపిల్లలకు, కొంగలకు అది పుట్టిల్లు.

ఈ విలువను అమెరికావారు చాలకాలము గుర్తింపలేదు. 1849, 1850, 1860 సంవత్సరములలో అచ్చటి కేంద్ర ప్రభుత్వము చట్టములు చేసి, చిత్తడి నేలలను రాష్ట్రములకు ధారాదత్తము చేసెను. వానిలోని నీటిని తీసివేసి సాగులోనికి తెచ్చుటయే ఆ చట్టముల ఆశయము. అలాస్కా, హవాయి రాష్ట్రములను మినహాయించిన అమెరికాలో 1780 ప్రాంతమున 22.1 కోట్ల ఎకరముల చిత్తడి నేల ఉండగా, 1980 ప్రాంతమునకు మిగిలినది 10.4 కోట్ల ఎకరములు మాత్రమే. అనగా రెండువందల సంవత్సరముల పాటు, రాత్రింబగళ్లు, గంటకు 60 ఎకరములకు పైగా అంతరించెనన్నమాట. ఇందులో అధికభాగము వ్యవసాయమునకే పోయినది. రెండవ ప్రపంచ యుద్ధము ముగిసిన పిమ్మట నగరముల చుట్టును గృహనిర్మాణము విపరీతముగా పెరిగి, ఇండ్ల కొరకును పల్లములు పూడ్చుట ఎక్కువయ్యెను.

ఒక అంగుళపు వాన

ఒక ఎకరము నేలపై ఒక అంగుళము వాన కురిసినచో, ఆ నీరు లక్ష లీటర్లకు పైగా ఉండును. అది అడవిలో కురిసినదనుకొందము. కొంత ఆకులపై నిలిచి ఆవిరియగును. కొంత రాలుటాకుల మెత్తలోను, వేళ్ల మధ్య ఉన్న మన్నులోను ఇంకును. మిగిలినది చెట్ల మొదళ్లకు తగులుచు, గుంటలలో ఆగుచు, తీరికగా వాగును చేరును. అదే నీరు డాబాల మీదను, తారురోడ్డు మీదను కురిసినచో ఇంకుటకు చోటు లేదు. ఆగుటకు అడ్డు లేదు. ఇంచుమించు అంతయు ఒక్కమారుగా వాగు మీద పడును.

దీనిని విద్యార్థులు గ్రాఫు కాగితము మీద గీసి చూడవచ్చును. కాలమును అడ్డముగాను, వాగులోని ప్రవాహమును నిలువుగాను గుర్తింపవలెను. అడవి నడుమ పారు వాగునకు వచ్చు రేఖ చిన్నమిట్ట వలె నిదానముగా లేచి నిదానముగా దిగును. కాలనీల నడుమ పారు వాగునకు వచ్చు రేఖ గోపురము వలె నిటారుగా లేచి, అంతే త్వరగా పడిపోవును. వాన ఒక్కటే, వాగు ఒక్కటే, మారినది నేల పైభాగము. వరద వచ్చునది ఆ గోపురపు కొన వద్దనే. వర్షము వెలసిన కొలది దినములకే వాగు ఎండిపోవుటకును కారణమదియే. ఇంకవలసిన నీరు ఇంకలేదు గనుక ఊట ఉండదు.

అమెరికా భూగర్భ పరిశీలన సంస్థలో జలశాస్త్రవేత్తయైన లూనా లియోపోల్డ్ 1968లో ప్రకటించిన చిన్న గ్రంథమున ఈ విషయమును విశదముగా వివరించెను. పట్టణము వెలసినపుడు వాగునకు నాలుగు మార్పులు కలుగునని ఆయన చెప్పెను. వరద ఉచ్చస్థితి పెరుగును. మొత్తము పారు నీరు పెరుగును. నీటి స్వచ్ఛత తగ్గును. వాగు మనుష్యునకు ఇచ్చు అందము, ఆహ్లాదము నశించును.

అంతవరకు ఇంజనీర్లకు తెలిసిన మందు ఒక్కటే: నీటిని ఎంత త్వరగా వీలగునో అంత త్వరగా ఆవలికి పంపివేయుట. హ్యూస్టన్ నగరము ఇందుకు మంచి ఉదాహరణము. 1929లోను, 1935లోను అచ్చట పెద్దవరదలు వచ్చినవి. 1937లో వరదల నివారణకై జిల్లా స్థాయిలో ఒక సంస్థ ఏర్పడెను. తరువాతి దశాబ్దములలో నగరములోని వంకర వాగులను నిటారు చేసి, కొన్నిటికి కాంక్రీటు తొడుగు వేసిరి. దీనివలన ఎగువనున్న వీథిలో నీరు త్వరగా తీసెను గాని, దిగువనున్న పేటకు అది మరింత వేగముగా చేరసాగెను. కష్టము తీరలేదు, ఒకరి వాకిటి నుండి మరొకరి వాకిటికి మారినది.

అడవిని కొనిన చమురు వ్యాపారి

హ్యూస్టనుకు ఉత్తరముగా సుమారు 45 కిలోమీటర్ల దూరములో దేవదారు జాతికి చెందిన పైన్ చెట్ల అడవి యుండెను. జార్జి మిచెల్ అను చమురు, సహజవాయు వ్యాపారి 1964లో ఒక కలప కంపెనీ వద్ద ఆ ప్రాంతమున విస్తారమైన భూమిని కొనెను. ఆయన గ్రీసు దేశము నుండి వలస వచ్చిన తల్లిదండ్రులకు 1919లో గాల్వెస్టన్ పట్టణమున జన్మించినవాడు. ఆ అడవిలో ఒక క్రొత్త పట్టణమును నిర్మింపవలెనని ఆయన సంకల్పము. తొలి పథకము సుమారు 18,000 ఎకరములకు వేయబడెను.

స్థలము అందమైనదే కాని సులభమైనది కాదు. నేల బల్లపరుపు; నీరు పారుటకు వాలు లేదు. పలుచోట్ల పైపొర క్రింద నీటిని ఇంకనీయని గట్టి బంకపొర ఉన్నది. స్ప్రింగ్ క్రీక్, పాంథర్ బ్రాంచ్, బేర్ బ్రాంచ్ అను వాగులు పొంగినపుడు మునుగు భాగమే స్థలములో దాదాపు మూడవవంతు. వాడుక ప్రకారము లోతైన కాలువలు త్రవ్వి, గొట్టములు వేసి ఈ నీటిని తీసివేయవచ్చును. కాని అట్లు చేసినచో భూగర్భ జలమట్టము దిగిపోయి, తేమకు అలవాటుపడిన చెట్లు చచ్చును. అడవిని చూపి ఇండ్లు అమ్మదలచినవానికి అడవియే లేకపోవును!

ఈ చిక్కును విప్పుటకు మిచెల్ 1970 తరువాత ఇయన్ మెక్‌హార్గ్ అను ఆచార్యుని సంస్థను నియమించెను. మెక్‌హార్గ్ 1920లో స్కాట్లండులోని క్లైడ్‌బ్యాంకులో జన్మించి, అమెరికాలో పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయమున భూదృశ్య నిర్మాణ శాస్త్రమును బోధించినవాడు. ‘డిజైన్ విత్ నేచర్’ అను ఆయన గ్రంథము 1969లో వెలువడి ప్రసిద్ధి కెక్కెను. ఆయన పద్ధతి చెప్పుటకు సులభము. ఒకే స్థలమునకు నేల రకములను ఒక పటమునందు, వరద మునకను మరొక పటమునందు, చెట్లను వేరొక పటమునందు, వన్యప్రాణుల నెలవులను ఇంకొక పటమునందు పారదర్శకమైన కాగితముల మీద గీయవలెను. వానిని ఒకదానిపై ఒకటి పరచి వెలుతురుకు ఎదురుగా పట్టినపుడు, ఏ చోట కట్టరాదో అచ్చట నలుపు చిక్కగా కనబడును. ఏ చోట కట్టవచ్చునో అచ్చట తెలుపు మిగులును. ఉడ్‌లాండ్స్ పరిశోధనలో ఆయన సంస్థలో ముఖ్యపాత్ర వహించినవారిలో నరేంద్ర జునేజా అను భారతీయుడు ఒకడు.

నేల చెప్పిన ప్రణాళిక

ప్రణాళికకు ఆధారమైనది నేల పరీక్ష. అమెరికా భూసంరక్షణ శాఖ నేలలను నీరు ఇంకు వేగమును బట్టి ఏ, బీ, సీ, డీ అను నాలుగు తరగతులుగా విభజించినది. ఏ తరగతి నేల ఇసుక పాలు ఎక్కువగలది. నీరు త్వరగా ఇంకును. డీ తరగతి బంకనేల. నీరు పైననే పారిపోవును. ఉపాధ్యాయులు దీనిని తరగతిలో తేలికగా చూపవచ్చును. అడుగున చిల్లులు గల రెండు డబ్బాలు తీసికొని, ఒకదానిలో ఇసుకను, రెండవదానిలో నల్లరేగడి మన్నును సమానముగా నింపి, తడిపి, ఒక్కొక్క గ్లాసు నీరు పోయవలెను. ఇసుక డబ్బా క్రింద నీరు వెంటనే పడును. రేగడి డబ్బాలో నీరు పైననే నిలుచును.

ఈ భేదము నుండి ఒక ముఖ్యసూత్రము పుట్టెను. రేగడి డబ్బాకు మూత పెట్టినను పెద్దనష్టము లేదు, ఏలయన దానిలో నీరు ఎట్లును ఇంకదు. ఇసుక డబ్బాకు మూత పెట్టినచో నష్టము చాలపెద్దది. కనుక ఇండ్లు, దుకాణములు, రోడ్లు వీలైనంతవరకు బంకనేల మీద కట్టవలెను. ఇసుక నేలను నీరు ఇంకుటకు విడిచిపెట్టవలెను. మామూలు వ్యాపారి ఇంటి స్థలములను వేయుటకు ముందుగా ఎన్నుకొను నేల, త్వరగా ఆరిపోవు ఇసుకనేలయే. ఉడ్‌లాండ్స్ ప్రణాళిక దానిని తలక్రిందులు చేసెను.

మిగిలిన నియమములును ఇట్టివే. వాగుల ముంపు నేలను కట్టడములకు వాడక అడవిగా ఉంచిరి. పెద్దరోడ్లను ఎత్తైన గట్ల వెంబడి వేసి, వాగులను దాటవలసిన చోట్లను తగ్గించిరి. రోడ్ల ప్రక్క భూమిలో గొట్టములు పాతుటకు మారుగా లోతు తక్కువగల వెడల్పైన గడ్డికాలువలు తీర్చిరి. వానిలో అక్కడక్కడ చిన్నకట్టలు వేయగా, నీరు ఆగి ఇంకి, మిగిలినది ముందుకు సాగును. అంతకు మించిన నీటిని పట్టుటకు చెరువులు, గోల్ఫ్ మైదానములు ఉపయోగపడినవి. ఇంటి చుట్టును ఎంతమేర చెట్లు కొట్టవచ్చునో దానికిని హద్దులు ఏర్పరచిరి.

దీనికి అయిన ఖర్చు ఎంత? 1975లో మెక్‌హార్గ్ ప్రకటించిన అంచనాల ప్రకారము, గొట్టములతో నీటిని తీసివేయు మామూలు పద్ధతికి 1 కోటి 87 లక్షల డాలర్లు కావలసియుండగా, సహజ పద్ధతికి 42 లక్షలు చాలును. అనగా 1 కోటి 45 లక్షల డాలర్ల ఆదా! వాగును కాపాడుట ధనవంతుల వేడుక అనుకొనువారికి ఈ లెక్క సమాధానము. ఎగుడుదిగుళ్లు చేసిన కాలువ ఉచితముగా దొరకుచుండగా దానిని పూడ్చి, డబ్బిచ్చి వేరొక కాలువ కట్టించుకొనుటయే అసలు వేడుక.

అప్పుడు ప్రభుత్వము క్రొత్త పట్టణములకు అప్పు పూచీ ఇచ్చుచుండెను. 1972లో ఉడ్‌లాండ్స్‌కు 5 కోట్ల డాలర్లకు అట్టి పూచీ లభించెను. 1974 అక్టోబరు 19న పట్టణము ప్రారంభమయ్యెను. ఆ పథకము క్రింద పూచీ పొందిన 13 పట్టణములలో చాలవరకు ఆర్థికముగా దెబ్బతినగా, ఉడ్‌లాండ్స్ నిలద్రొక్కుకొనెను.

1979 పరీక్ష

ప్రణాళిక మంచిచెడ్డలు తేల్చవలసినది వానయే. 1979 ఏప్రిల్‌లో ఆ ప్రాంతమున 5 గంటలలో 9 అంగుళముల వాన కురిసెను. అనగా ఎకరమునకు తొమ్మిది లక్షల లీటర్లకు పైగా నీరు. చుట్టుప్రక్కల కాలనీలు మునిగినవి. ఉడ్‌లాండ్స్‌లో ఒక్క ఇంటిలోనికిని నీరు రాలేదు. 1994 అక్టోబరులో అంతకంటె పెద్దవరద వచ్చి హ్యూస్టన్ తీవ్రముగా నష్టపోయినపుడును ఈ పట్టణము స్వల్పనష్టముతో బయటపడెను. వాగునకు విడిచిన అడవి ఆ రాత్రులలో తన పని తాను చేసినది.

గడ్డికాలువలు నచ్చని కాలము

ఇచ్చటితో కథ ముగిసినచో బాగుండెడిది. కాని గడ్డికాలువ అందమును గుర్తించుటకు అలవాటు కావలెను. ఆకులు రాలి, వాన తరువాత కొంతసేపు నీరు నిలిచి, పొదలు పెరిగిన కాలువ ఇంటి ముందర ఉండుట కొందరు కొనుగోలుదారులకు రుచింపలేదు. అంచు రాళ్లు పెట్టిన రోడ్డు, కత్తిరించిన పచ్చిక, కంటికి కనబడని గొట్టము వారికి కావలెను. అమ్మువారు కొనువారి ఇష్టము ననుసరించిరి. మొదటి రెండు పేటలు నిండిన తరువాత, 1980 దశకము నుండి క్రొత్తపేటలలో గడ్డికాలువలు తగ్గి గొట్టములు పెరుగజొచ్చెను. 1997లో మిచెల్ ఆ ఆస్తిని అమ్మివేసెను. పూర్వపు పేటల వాగు ప్రవాహమును, తరువాతి పేటల వాగు ప్రవాహమును పరిశోధకులు పోల్చి చూడగా, మెక్‌హార్గ్ పద్ధతి ననుసరించిన భాగము వాననీటిని అడవికి దగ్గరగా నిలుపుకొనుచున్నదనియు, తరువాతి భాగములో పారునీరు ఎక్కువైనదనియు తేలెను.

2017 ఆగస్టులో హార్వీ అను తుపాను హ్యూస్టన్ ప్రాంతము మీద దినముల తరబడి నిలిచి, కొన్నిచోట్ల 1,000 మిల్లీమీటర్లకు మించిన వాన కురిపించెను. ఉడ్‌లాండ్స్‌లో స్ప్రింగ్ క్రీక్ ప్రక్కన ఆలస్యముగా వెలసిన కొన్ని ఇండ్లలోనికి నీరు వచ్చెను. అంతటి వానకు ఏ ప్రణాళికయు పూర్తిగా తట్టుకొనజాలదని ఒప్పుకొనవలెను. అయినను వాగు దరికి ఎంతగా జరిగితిమో అంతగా ప్రమాదమునకు చేరువైతిమన్న మాట నిజము. 2020 జనాభా లెక్కల నాటికి ఆ పట్టణమున 1,14,000 మందికి పైగా నివసించుచుండిరి. వారిలో మొదటి ప్రణాళిక సంగతి ఎరిగినవారెందరు? కాలువ ఎందుకు ఉన్నదో తెలియనివాడు దానిని పూడ్చుటకు వెనుకాడడు.

తప్పించుము, తగ్గించుము, పూరింపుము

ఈ లోపల అమెరికా చట్టమును ముందుకు నడిచెను. 1972 నాటి జల పరిశుభ్రతా చట్టములోని 404వ విభాగము ప్రకారము, రక్షణకు లోబడిన జలములలో మన్ను పోసి పూడ్చుటకు సైన్యపు ఇంజనీర్ల శాఖ అనుమతి కావలెను. 1990లో ఆ శాఖకును పర్యావరణ రక్షణ సంస్థకును కుదిరిన ఒడంబడిక మూడు మెట్లను ఏర్పరచెను. మొదట, హాని కలుగకుండ తప్పింపవలెను. తప్పింపలేనిచో తగ్గింపవలెను. తగ్గించిన పిదపను మిగిలిన నష్టమునకు వేరొకచోట చిత్తడి నేలను పునరుద్ధరించి పూరింపవలెను.

ఒక కాలనీ విషయములో దీని అర్థము సులభము. ఇండ్లను మెరక మీద దగ్గరదగ్గరగా వేసి పల్లమును విడిచినచో హాని తప్పినది. రోడ్డు వాగును దాటక తప్పదనుకొందము. మూడు చోట్ల దాటుటకు మారుగా వాగు సన్నగానున్న ఒక్కచోట, అడ్డముగా దాటినచో హాని తగ్గినది. గొట్టపు తూమునకు మారుగా చిన్న వంతెన కట్టినచో వాగు అడుగు చెడదు, చేపల రాకపోకలు ఆగవు. గట్టున చెట్ల వరుసను ఉంచినచో ఒండ్రు వాగులో పడదు. ఇంత చేసినను పూడ్చక తప్పని భాగమునకే నష్టపూర్తి. మూడవ మెట్టు మీదనే మొదట కాలు పెట్టరాదనుటయే ఈ వరుసలోని నీతి. ఏలయన వేల ఏండ్లకు ఏర్పడిన నేలను మనుష్యుడు నాలుగేండ్లలో చేసి ఇచ్చుట కష్టము.

అయితే చట్టము పరిధి స్థిరమైనది కాదు. ఇడాహో రాష్ట్రమున ఒక సరస్సు సమీపములో ఇల్లు కట్టదలచిన దంపతుల వ్యాజ్యములో 2023 మే నెలలో అమెరికా సుప్రీముకోర్టు తీర్పు చెప్పుచు, పెద్దజలములతో ఉపరితలముపై ఎడతెగని సంబంధము గల చిత్తడి నేలలకు మాత్రమే ఆ చట్టము వర్తించునని నిర్ణయించెను. దానితో అనేక చిత్తడి నేలలు కేంద్ర రక్షణను కోల్పోయినవి. చట్టము విడిచిన కుంటను వాన విడువదు. కనుక పటము గీయువాని తెలివియే మిగిలిన రక్షణ.

మన చెరువుల పాఠము

ఈ విద్య మనకు పరాయిది కాదు. తెలంగాణములోను, రాయలసీమలోను పూర్వులు కట్టిన గొలుసుకట్టు చెరువులు ఈ సూత్రముననే పనిచేయును. ఎగువ చెరువు నిండగా అలుగు పారి, ఆ నీరు వాగు వెంట దిగువ చెరువును చేరును. నిండినపుడు మాత్రమే మునుగు శిఖము భూమి వేసవిలో పొడిగా కనబడును. ఆ పొడి నేలయే కొనువానిని మోసగించును. హైదరాబాదులో 1908 సెప్టెంబరు నాటి మూసీ వరద తరువాత, విశ్వేశ్వరయ్యగారి సలహాతో నగరమునకు ఎగువన ఉస్మాన్‌సాగరు, హిమాయత్‌సాగరు వెలసినవి. అదే నగరమున 2020 అక్టోబరులో భారీవాన కురిసినపుడు, చెరువులు పొంగి దిగువ కాలనీల ఇండ్లలోనికి నీరు చొచ్చెను. ఆ నీరు దారి తప్పి రాలేదు. తన పాతదారినే వచ్చినది.

పాఠశాలలలో దీనిని బోధించుటకు ఖరీదైన పరికరములు అక్కరలేదు. భారత సర్వేక్షణ శాఖవారి పటములలో వాగులు, చెరువులు నీలిరంగులోను, సమోన్నత రేఖలు గోధుమరంగులోను ఉండును. తమ ఊరి పటమును తీసికొని, దానిమీద పలుచని కాగితము పరచి, నీలిగీతలను మాత్రము ఎత్తి వ్రాయవలెను. తరువాత ఊరి చుట్టును వెలసిన క్రొత్త కాలనీలను అదే కొలతతో మరొక కాగితముపై గుర్తించి, రెండింటిని కలిపి కిటికీ అద్దమునకు పట్టవలెను. ఏ వీథి వాగు మీద ఉన్నదో, ఏ ఇల్లు చెరువులో ఉన్నదో పదవ తరగతి విద్యార్థి కూడ చెప్పగలడు. పిమ్మట అచ్చటికి నడచి వెళ్లి, పెద్దవారిని అడిగి, పూర్వము నీరు ఎటు పారెడిదో వ్రాసి ఉంచుకొనవలెను. ఉడ్‌లాండ్స్‌లో మరుగుపడినది ఈ జ్ఞాపకమే. ఇల్లు కట్టుకొనబోవు తరమువారికి అది తెలిసియుండుట మిక్కిలి అవసరము.